వంశధార లెక్కలు అడిగితే చూపించే పేజీ పెట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానాకాలం వస్తే వంశధార మీద హిరమండలం దగ్గరున్న గొట్టా బ్యారేజీకి ఇన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఇన్ని వదులుతున్నారు అని పేపర్లో వేస్తారు కదండీ, ఇటు ఒడిశా గజపతి జిల్లాలో తెలుగు చదివేవాళ్లం ముందు చూసేది అదే, ఎందుకంటే ఆ నీళ్లు మా కాశీనగర్ దాటాకే హిరమండలం వెళ్తాయి. కలహండి కొండల్లో పుట్టి గుణుపూర్ మీదుగా దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ నదికి రెండు రాష్ట్రాల్లోనూ కొలతలు తీస్తూనే ఉన్నారు, అవి కంప్యూటర్లోకి ఎక్కుతూనే ఉన్నాయి. మా దాకా వచ్చేది మాత్రం ఇవాళ్టి నంబరొక్కటే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఆ వారం గంటగంటకీ నీరెలా పెరిగిందో చూద్దామంటే మాలాంటి వాళ్లకి దారి లేదు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. పిల్లల ప్రాజెక్టు కోసం వెతికితే ఒకచోట రోజుకో పీడీఎఫ్, అదీ కాగితాన్ని స్కాన్ చేసి పెట్టింది, అందులోంచి నంబరు కాపీ చేసుకోడానికి కూడా అవ్వదు. ఇంకోచోట రంగురంగుల మ్యాపు, అది పూర్తిగా లోడయ్యేసరికి మా ఊరి సిగ్నల్ పోతుంది.

నిజానికి దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు. వెబ్ పేజీలో ఫారం నింపితే సర్వర్లో ఒక స్క్రిప్టు నడిచి జవాబు తెచ్చే పద్ధతి, సీజీఐ అంటారు, 1993లోనే అమెరికాలో ఎన్‌సీఎస్ఏ అనే కంప్యూటర్ కేంద్రం వాళ్లు తెచ్చారు. ఆఫీసు కౌంటర్లో చీటీ రాసిస్తే లోపల గుమస్తా బీరువా తీసి ఆ కాగితం ఒక్కటే తెచ్చిచ్చినట్టు అన్నమాట. స్టేషన్ పేరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా, కింద ‘చూపించు’ అనే బటన్, అంతే. బటన్ నొక్కగానే ఆ మూడూ పేజీ అడ్రస్సు చివర ప్రశ్నార్థకం తర్వాత చేరి సర్వర్‌కి వెళ్తాయి, స్క్రిప్టు డేటా ఫైలు తెరిచి ఆ తేదీల వరసలు ఏరుకుని గ్రాఫు గీసి బొమ్మగా తిప్పి పంపుతుంది. కష్టమంతా సర్వర్‌ది, ఫోను చూపించేది ఒక చిన్న బొమ్మే, పాత ఫోన్లో కూడా వచ్చేస్తుంది. పైగా అడ్రస్సులోనే తేదీలుంటాయి కాబట్టి ఆ లింకు వాట్సాప్‌లో పెడితే అవతలివాళ్లకీ అదే గ్రాఫు తెరుచుకుంటుంది.

మా స్కూల్లో పిల్లలు రోజూ ఉదయం 8:30కి వానకొలత తీస్తారు, ఆ లెక్కలు ల్యాబులోని పాత కంప్యూటర్లో పెట్టి ఇలాగే చేశాం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు, గ్రాఫు గీయడానికి గ్నూప్లాట్ అనే ప్రోగ్రాం, రెండూ ఉచితమే. స్క్రిప్టు ముందుగా ‘కంటెంట్-టైప్: ఇమేజ్/పీఎన్‌జీ’ అనే లైను, అంటే వచ్చేది బొమ్మ అని చెప్పే లైను, దాని కింద ఒక ఖాళీ లైను, ఆ తర్వాతే బొమ్మ పంపాలి. ఆ ఖాళీ లైను లేకపోతే సర్వర్లో తప్పు జరిగిందని చెప్పే 500 ఎర్రర్ తప్ప ఇంకేం రాదు. జూలై నెల గ్రాఫు స్క్రీను మీదకి రాగానే ఈ రోజు కొలిచింది నేనే, ఇది నాదే అని కడ్డీలు వేలుపెట్టి చూపించుకున్నారు పిల్లలు. డేటా అంటే వాళ్లకి అక్కడ అర్థమైంది.

పెద్ద సంస్థలు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి. పుణె వాతావరణ శాఖ పేజీలో సంవత్సరం ఎంచుకుంటే 1901 నుంచి దేశమంతా వాన లెక్కలు దిగుతాయి. నాసా వాళ్ల పవర్ అనే వెబ్‌సైట్లో మన ఊరి అక్షాంశం, రేఖాంశం ఇస్తే 1981 నుంచి రోజువారీ వాతావరణం వస్తుంది, కానీ అది ఉపగ్రహాలూ మోడళ్లూ కలిపి వేసిన అంచనా, మహేంద్రగిరి కొండా కింది పల్లం పొలమూ ఒకే గడిలో పడిపోవచ్చు. నదిలో మట్టం తెలియాలంటే ఒడ్డున గేజీ, అంటే నీటిమట్టం కొలిచే సాధనం, చూసినవాళ్లే చెప్పాలి.

హ్యాకింగ్ భయం అంటారు, ఆ భయం ఉత్తదేం కాదు, 2014లో షెల్‌షాక్ లోపం బయటపడినప్పుడు ఇలాంటి స్క్రిప్టులున్న సర్వర్లే ముందు దెబ్బతిన్నాయి. అందుకే ఫారంలో ఎవరేం టైపు చేసినా దాన్ని నేరుగా షెల్‌కి, అంటే టైపు చేసిన ఆజ్ఞలు నడిపే ప్రోగ్రాంకి, అప్పగించకూడదు. స్టేషన్ లిస్టులోంచే ఎంచుకోవాలి, తేదీ కాకపోతే అక్కడే తిప్పి పంపెయ్యాలి, స్క్రిప్టుకి డేటా చదివే హక్కే తప్ప మార్చే హక్కు ఉండకూడదు. పైథాన్లో పాత సీజీఐ మాడ్యూల్ 2024లో వచ్చిన 3.13 నుంచి తీసేశారు కూడా, ఇప్పుడు వెబ్ పేజీలు నడిపే ఫ్లాస్క్ లాంటి పైథాన్ సాధనాలతో చేసుకోవచ్చు, పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ ముఖ్యంగా అడిగేదొకటుంది. గేజీ పనిచెయ్యని గంటల్లో సున్నా వెయ్యొద్దు, గీతని కలిపెయ్యొద్దు, ఖాళీగా వదిలెయ్యండి. వరద రోజే గేజీ ఆగిపోతే ఆ ఖాళీ కూడా జనానికి తెలియాల్సిందే, సున్నా వేస్తే నది ఎండిపోయిందని చదువుకోవాలి. గ్రాఫు మీద డేంజర్ మట్టం గీత ఉండాలి, పక్కన సీఎస్‌వీ, అంటే నంబర్లు కామాలతో ఉండే మామూలు ఫైలు, లింకు ఉండాలి, పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ రాయాలి.

గంగ, బ్రహ్మపుత్ర లాంటి దేశాలు దాటే నదుల డేటాకి కట్టుబాట్లుంటాయి, వంశధారకి ఆ గొడవ లేదు, దేశంలోనే పుట్టి దేశంలోనే కలుస్తుంది. ప్రజల డబ్బుతో సేకరించిన డేటా ప్రజలకి అందాలని కేంద్రం 2012లోనే పాలసీ పెట్టింది. ఈ నీళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర 2010లో వేసిన ట్రిబ్యునల్ ముందు 2017లో తీర్పు వచ్చేదాకా వాదించుకున్నాయి, కనీసం నీటి లెక్కయినా రెండు ఒడ్లవాళ్లకీ ఒకే పేజీలో కనపడాలి. రెండు ప్రభుత్వాల జలవనరుల శాఖలూ దీని మీద కూర్చోవాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. ఆ పేజీ వచ్చాక గొట్టా ఇన్‌ఫ్లో వేసే చోటే దాని లింకు కూడా రోజూ వెయ్యండి.

ఇట్లు
ఒక సైన్సు మాస్టారు
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా