‘హువాయ్‌రా’ కాదు, ‘వైరా’

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో విదేశీ సూపర్‌కార్ల గురించి వచ్చే పేజీని మా ఇంట్లో అందరికన్నా ముందు చదివేది ఎనిమిదో తరగతిలో ఉన్న మా మనవడు. పోయిన నెలలో వాడు ఇటలీకి చెందిన పగాని సంస్థ కారు పేరును, మీరు అచ్చువేసినట్టే, ‘హువాయ్‌రా’ అని పైకి చదివి రెండుసార్లు తడబడ్డాడు. నిజానికి ఆ పేరును దాని సొంత భాషలో ఇంచుమించు ‘వైరా’ అని పలుకుతారు. ఖమ్మం జిల్లాలో వైరా జలాశయానికి దగ్గరలో పుట్టి పెరిగిన పిల్లవాడు, తన నోట రోజూ ఆడే మాటలా వినిపించవలసిన పేరును పలకలేకపోయాడంటే, ఇబ్బంది ఆ పేరులో లేదు. ఇంగ్లిషు అక్షరాలను చూసి మనం తెలుగులోకి దింపుకొంటున్న పద్ధతిలో ఉంది. అది మీ దృష్టికి తేవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊరి పేరుకూ ఆ కారు పేరుకూ అర్థంలో సంబంధమేమీ లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో మాట్లాడే కెచువా భాషలో ఆ కారు పేరుకు గాలి అని అర్థం. అక్కడి ప్రజలు కొలిచే గాలిదేవుడి పేరు మీద 2011లో ఈ కారు వచ్చింది. సంస్థాపకుడు ఒరాసియో పగాని అర్జెంటీనాలో పుట్టి, కార్ల తయారీ మీద మోజుతో ఇటలీకి వెళ్లి స్థిరపడినవాడు. 1999లో ఆయన విడుదల చేసిన మొదటి కారు ‘జోండా’ కూడా గాలి పేరే. ఆండీస్ మీదుగా దిగి అర్జెంటీనా మైదానాలను వేడెక్కించే పొడిగాలిని అక్కడ అలా పిలుస్తారు. మనకు వడగాలి ఎలాగో వాళ్లకు అది అలాగన్నమాట. మొదట ఆ కారుకు, అయిదుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా నిలిచిన తన దేశస్థుడు ఫాంజియో పేరు పెట్టాలని పగాని అనుకున్నాడు. 1995లో ఫాంజియో చనిపోవడంతో ఆ ఆలోచన మానుకొని స్వదేశపు గాలి పేరు పెట్టాడు. పుట్టిన నేలను వదిలి వెళ్లిన మనిషి దాన్ని ఎలా తలచుకుంటాడో చెప్పే ఈ సంగతి మీ పేజీలో ఒక్క వాక్యంగానైనా రాలేదు. కారు ధర, గుర్రపు శక్తి, వంద కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్నది మాత్రం ప్రతిసారీ వస్తున్నాయి.

లాంబోర్గీని పేర్ల విషయంలో ఈ లోటు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంస్థను స్థాపించిన ఫెరూచో లాంబోర్గీని రైతు కుటుంబంలో పుట్టి, ట్రాక్టర్లు తయారుచేసి పైకి వచ్చి, 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. ఆయనది వృషభ రాశి కావడంతో గిత్త బొమ్మ సంస్థ చిహ్నమైంది. 1966లో వచ్చిన ‘మియూరా’ది స్పెయిన్‌లో పోట్లగిత్తల పెంపకానికి పేరుపడ్డ ఒక కుటుంబం పేరు. అక్కడి నుంచి గిత్తల పేర్లు ఆ కంపెనీకి ఆనవాయితీ అయ్యాయి. 1968 నాటి ‘ఇస్లేరో’ అయితే, 1947 ఆగస్టులో స్పెయిన్‌లోని లినారెస్ పట్టణంలో మనోలేతే అనే ప్రసిద్ధ గిత్తపోరు యోధుడిని పొడిచి చంపిన మియూరా మందలోని గిత్త పేరు. ఎడ్ల బండలాగుడు పందేలలో జతను పేరుపెట్టి అదిలించే రైతులున్న నేల మనది కాబట్టి పశువు పేరు నిలబెట్టుకోవడమనేది మన పాఠకులకు ఎవరూ వివరించనక్కరలేదు. అయితే స్పెయిన్ గిత్తపోరు బరిలో దిగిన గిత్త చాలావరకు ప్రాణంతో బయటికి రాదన్న మాటను కూడా ఆ పేరు పక్కనే చెప్పాలి. అది చెప్పకుండా పౌరుషాన్ని మాత్రమే పొగిడితే పాఠకుడికి సగమే అందించినట్టవుతుంది.

లాంబోర్గీనిదే మరో కారు పేరు ‘ముర్సియేలగో’ అంటే స్పానిష్‌లో గబ్బిలం. ఆ పేరుగల గిత్త 1879లో ఇరవై నాలుగు కత్తిపోట్లు తిని కూడా నేలకు ఒరగలేదనీ, ఆ తెగువకు మెచ్చి దానికి ప్రాణభిక్ష పెట్టారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మీ వ్యాసంలో దీన్ని జరిగిన చరిత్రగా రాశారు. అమ్మకందారు చెప్పుకొనే కథను ‘అంటారు’ అన్న ఒక్క మాట చేర్చి అచ్చువేయడం పత్రికకు కష్టం కాదు. ఇంకొక సవరణ కూడా ఉంది. అదే సంస్థ కారు ‘కున్‌తాచ్’ను సైతం గిత్తల పేర్లలో కలిపేశారు. అది గిత్త పేరు కాదు, ఇటలీలోని పియెమోంతె ప్రాంత మాండలికంలో ఆశ్చర్యంతో నోటి నుంచి వెలువడే మాట, మన ‘అమ్మబాబోయ్’ లాంటిది. ఆ కారు రూపశిల్పి మార్చెల్లో గాందీని, తమతో పనిచేసిన ఒక కార్మికుడి నోట తరచుగా వినిపించిన మాట అదని చెప్పుకొచ్చారు. 1971లో జెనీవా ప్రదర్శనలో లోకం చూసిన ఆ కారుకు ఒక పనివాడి ఊతపదం పేరైందన్న సంగతి నాకు ఏ గిత్త కథకన్నా ఇష్టం.

పలకడం తెలియకపోతే అర్థమూ చేజారుతుంది. స్పానిష్‌లో మాట మొదట్లో వచ్చే హెచ్ అక్షరానికి ధ్వని లేదు, కాబట్టి తుపాను అనే అర్థమున్న లాంబోర్గీని కారు పేరు ‘హురాకాన్’ కాదు, ‘ఉరాకాన్’. రెండు ఎల్ అక్షరాలు పక్కపక్కన వస్తే దాదాపు ‘య’ పలుకుతుంది, కాబట్టి వాళ్లదే ఇంకో కారు ‘గల్లార్డో’ కాదు, ‘గయార్దో’. ఇంగ్లిషు లిపిలో ఈ తేడాలను చూపడం కష్టమే. పలికినట్టే రాసుకొనే సౌలభ్యం మన లిపికి ఉండగా, ఆ లిపి ఇబ్బందిని మనమెందుకు మోయాలి?

మక్కికి మక్కి తర్జుమాతో వచ్చే చిక్కు ఫెరారీ ‘తెస్తారొస్సా’ విషయంలో తెలుస్తుంది. దాన్ని ‘ఎర్రతల’ అని రాసి ఊరుకున్నారు. ఆ తల మనిషిది కాదు. మన షెడ్లలో మెకానిక్కులు ‘హెడ్డు విప్పాలి’ అంటారే, ఆ హెడ్డు. 1950ల నాటి పందెపు కారు ఇంజిన్ హెడ్డు మీది మూతలకు ఎర్రరంగు వేయడంతో వచ్చిన పేరును 1984లో మళ్లీ వాడుకున్నారు. ఒక్క మాట అదనంగా రాసి ఉంటే మెకానిక్ పని నేర్చుకుంటున్న కుర్రవాడికి ఆ పేరు వెంటనే తన సొంతమై ఉండేది.

బుగాటీ సంస్థ కారు ‘షిరాన్’ను ‘చిరాన్’ అని రాయడమే కాక, గ్రీకు పురాణంలోని సగం మనిషి, సగం గుర్రం అయిన పాత్రతో ముడిపెట్టారు. ఆ పేరు మొనాకోకు చెందిన పందెపు డ్రైవర్ లూయీ షిరాన్‌ది. ఆయన 1931లో బుగాటీ కారుతోనే సొంత ఊరి పందెం గెలిచి, 1955లో యాభై అయిదేళ్ల వయసులో మళ్లీ అదే పందెంలో ఆరో స్థానంలో నిలిచాడు. అంతకుముందు వచ్చిన బుగాటీ కారు ‘వేరాన్’ పేరు 1939లో ఫ్రాన్స్‌లోని లెమాన్ కార్ల పందెం గెలిచిన ఇద్దరిలో ఒకడైన పియెర్ వేరాన్‌ది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అతడు ఫ్రాన్స్‌ను ఆక్రమించిన జర్మనీ సేనలకు వ్యతిరేకంగా రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పనిచేశాడు. 1998లో బుగాటీ పేరును కొనుక్కున్న జర్మన్ సంస్థ ఫోక్స్‌వాగనే తర్వాత తన అత్యంత ఖరీదైన కారుకు ఆ మనిషి పేరు పెట్టుకుంది. ఇది చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది.

ఈ కార్లను కొనగలిగే పాఠకులు మీకు ఎంతమంది ఉంటారో గాని, వాటి పేర్లను మీ పేజీ చూసి నేర్చుకొనే పిల్లలు ఊరూరా ఉన్నారు. అందువల్ల కొత్త కారు గురించి రాసిన ప్రతిసారీ, ఆ పేరు ఏ భాషదో, ఆ భాషలో ఎలా పలుకుతారో, ఎందుకు పెట్టారో రెండు వాక్యాల్లో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పోయిన నెల వ్యాసంలోని ‘కున్‌తాచ్’, ‘షిరాన్’ పొరపాట్లకు సవరణను కూడా అదే పేజీలో, పిల్లల కంటబడే అక్షరాల్లో ప్రచురించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
వైరా, ఖమ్మం జిల్లా