వితంతువు ప్రేమకథకు 96 భాగాలు ఎక్కువేం కాదు

సంపాదకులకు నమస్కారం.

జపాన్ అనిమే, అంటే అక్కడి యానిమేషన్ సీరియళ్లు, సినిమాల గురించి మన పత్రికల్లో ఎప్పుడు రాసినా కత్తియుద్ధాలు, రాక్షసులు, హైస్కూలు ప్రేమలే. భర్త పోయిన స్త్రీ మళ్లీ ఒకరిని ప్రేమించడం మీద అక్కడ నలభై ఏళ్ల కిందటే పెద్ద సీరియల్ నడిచింది. దాని పేరు 'మెజోన్ ఇక్కోకు'. రూమికో తకహాషి 1980 నుంచి 1987 దాకా ఒక పత్రికలో గీసిన మాంగా (బొమ్మల కథ) అది, పుస్తకాలుగా 15 సంపుటాలు. స్టూడియో డీన్ దాన్ని అనిమేగా తీస్తే ఫుజి టీవీలో 1986 మార్చి నుంచి 1988 మార్చి దాకా 96 భాగాలు వచ్చాయి. దీన్ని చూసినవాళ్లలో చాలామంది చేసే ఫిర్యాదు ఒకటే: సాగదీశారు అని. ఆ మాటకు జవాబుగానే ఈ ఉత్తరం.

క్యోకో హైస్కూలు చదువు అయిపోగానే, అక్కడ పాఠాలు చెప్పిన సోయిచిరోను పెద్దలు వద్దన్నా పెళ్లి చేసుకుంటుంది. ఏడాది తిరక్కుండానే అతను పోతాడు. మామగారిదే అయిన ఇక్కోకు-కాన్ అనే పాత అద్దె ఇంటికి మేనేజరుగా వచ్చి, అక్కడే ఒక గదిలో ఉంటుంది. 5వ నంబరు గదిలో ఆమెను ప్రేమించే గొడాయ్. ఆమె కన్నా రెండేళ్లు చిన్న, యూనివర్సిటీ ఎంట్రన్స్ తప్పి మళ్లీ చదువుతున్నాడు.

వీళ్లిద్దరి మధ్య నడిచే అపార్థాలను చూసి విసుక్కునేవాళ్లు, క్యోకో ఎన్ని ముళ్లు విప్పుకోవాలో లెక్కేసుకోరు. జపాన్ సివిల్ కోడ్ ప్రకారం భార్యాభర్తలకు ఒకటే ఇంటిపేరు ఉండాలి. భర్త చనిపోయినంత మాత్రాన అది మారిపోదు. పుట్టింటి పేరుకు తిరిగి వెళ్లాలంటే మునిసిపల్ ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి. అత్తింటివారితో చట్టపరమైన బంధుత్వం వదులుకోవాలంటే ఇంకో కాగితం. రెండింటికీ గడువు లేదు, ఇవ్వకపోయినా అడిగేవారు లేరు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరూ తొందరపెట్టని పనిని మనిషి తనంతట తాను ఏ రోజు చేయాలి? పైగా ఇక్కడ మామగారు తరిమేసే మనిషి కాదు, కోడలి మేలు కోరే పెద్దాయన. ఆమె ఉద్యోగం ఆయన ఇచ్చింది, ఉండే గది ఆయనది, పేరు చివర ఉన్న 'ఒతోనాషి' ఆయనది. చెడ్డ అత్తిల్లయితే గడప దాటడం సులువు.

కథ జరిగే కాలంలో స్త్రీ భర్త పోయాక ఆరు నెలల వరకు మళ్లీ పెళ్లి చేసుకోకూడదన్న నిబంధన కూడా ఉండేది. 2016లో దాన్ని వంద రోజులకు తగ్గించారు, 2024 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఆ ఆరు నెలలు ఎప్పుడో గడిచిపోతాయి, క్యోకో మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఆగి ఉంటుంది. ఇంకొకరిని ప్రేమిస్తే సోయిచిరో మీద పెట్టుకున్న ప్రేమ అబద్ధమైపోతుందన్నది ఆమె భయం. గొడాయ్ టీచర్ ట్రైనింగు కోసం ఆమె చదివిన స్కూలుకే వెళతాడు. అక్కడ యాగామి అనే అమ్మాయి అతని వెంటపడుతుంది. ఒకప్పుడు టీచర్‌ని ప్రేమించిన తననే క్యోకో ఆ పిల్లలో చూస్తుంది కాబట్టి గట్టిగా మందలించనూ లేదు, ఊరుకోనూ లేదు. ఈ భాగాలను అల్లరి కింద కొట్టేసి దాటేసినవాళ్లకు చివరి పది భాగాలు అందవు.

భార్యో భర్తో పోయిన ప్రేమకథల్లో సాధారణంగా రెండు తప్పులు జరుగుతాయి. మొదటి మనిషిని చెడ్డవాడిగా చూపిస్తే దారి సుగమమవుతుంది కానీ దుఃఖానికి అర్థం పోతుంది. రెండో మనిషిలో మొదటివాడి పోలికలు పెడితే అది కొత్త ప్రేమే కాదు. తకహాషి రెండూ చేయలేదు. సోయిచిరో మంచివాడు, అయినా అతని ముఖం మనకు ఎక్కడా తేటగా కనిపించదు. ఫొటోలోనూ, గతం చూపించే సన్నివేశాల్లోనూ నీడ పడి ఉంటుంది. అందువల్ల ప్రేక్షకుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూచలేడు. గొడాయ్‌కీ అదే బాధ: కనబడని మనిషితో పోటీ.

ఇక కుక్క. క్యోకో పెంచే తెల్లకుక్క పేరు కూడా సోయిచిరోనే. డబ్బూ అందమూ ఉన్న టెన్నిస్ కోచ్ మిటాకా ఆమెను చేసుకోవాలని వస్తాడు, అతనికి కుక్కలంటే వణుకు. నవ్వు పుట్టించడానికి పెట్టిన ఏర్పాటే అయినా, చనిపోయిన భర్త పేరున్న ప్రాణి వాకిట్లో అడ్డంగా నిలబడి ఉండటాన్ని ఇంత తేలిగ్గా చెప్పడం గొప్ప పనితనం.

ముగింపు దగ్గర గొడాయ్ సమాధి ముందు నిలబడి, నిన్ను మరిచిపొమ్మని అడగను, నీతో కలిపే ఆమెను తీసుకెళతానన్న అర్థంలో మాట్లాడతాడు. క్యోకో చాటుగా వింటుంది. భర్త వస్తువులను అత్తింటికి తిరిగి ఇచ్చేస్తుంది. పెళ్లికి ఆమె పెట్టే షరతు: తనకన్నా ఒక్క రోజైనా ఎక్కువ బతకాలి. ఒకసారి ఒంటరిగా మిగిలిన మనిషి తప్ప ఇంకెవరూ అడగలేని కోరిక అది.

చూడాలనుకునేవారికి: ఒక్కో భాగం సుమారు 25 నిమిషాలు, రోజుకు రెండు చాలు. వరుస తప్పకూడదు, ఏటా సమాధి దర్శనానికి వెళ్లే భాగాలు అసలే వదలకూడదు. దర్శకులు ముగ్గురు మారారు, 53వ భాగం నుంచి నావోయుకి యోషినాగా. మొదటి భాగాల్లో హాస్యం పాలు ఎక్కువ, అది చూసి ఆపేయవద్దు. తాగుడు పార్టీలు, పెద్దల సరసం చాలా ఉన్నాయి కనుక చిన్నపిల్లలకు పెట్టకూడదు. మీ పత్రిక అనిమేలను పరిచయం చేసేటప్పుడు ఇది ఏ వయసువారికి అన్న సంగతి కూడా ఒక లైను వేస్తే, ఇలాంటివి పెద్దవాళ్ల కంటా పడతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు