తుంటి విరిగిన పెద్దవాళ్లను రోజుల తరబడి ఆపొద్దు

సంపాదకుడికి,

అయ్యా,

చెన్నైలో పెద్ద ఆసుపత్రులకు కొదవ లేదు. అయినా బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న వృద్ధులు ఆపరేషన్ కోసం రోజుల తరబడి మంచం మీద ఎదురుచూడాల్సి వస్తోంది. ఆరోగ్యశాఖ దీన్ని పట్టించుకోవాలి.

మా అత్తయ్యకు డెబ్బై దాటాయి. ఒక శనివారం సాయంత్రం పడిపోయారు. పాదం బయటికి తిరిగిపోయి, ఆ కాలు రెండో కాలికంటే పొట్టిగా కనిపించింది. ఎక్స్‌రే చూసి, తుంటి దగ్గర తొడ ఎముక ముక్కలైందనీ, రాడ్ వేయాలనీ చెప్పారు. ఆదివారం ఎకో (గుండె స్కాన్) తీసేవాళ్లు లేరు. సోమవారం గుండె డాక్టరు దొరకలేదు. ఆపైన ఇన్సూరెన్స్ అప్రూవల్. ఈలోగా దుప్పటి మార్చడానికి కాస్త కదిపినా ఆవిడ అరుపులు వరండా దాకా వినిపించేవి. రాత్రయితే మమ్మల్ని గుర్తుపట్టక, ఎప్పుడో పోయిన వాళ్ల అమ్మను పిలిచేవారు.

మనవాళ్లకు ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చేతుల సంగతి ఎలా ఉన్నా, తుంటి దగ్గర ఇలా ముక్కలైతే పైనుంచి కట్టే ఏ కట్టూ ఆ ముక్కల్ని పట్టి ఉంచలేదు. ఆపరేషన్‌లో చిన్న కోత పెట్టి తొడ ఎముక లోపలి గొట్టంలోకి నెయిల్ అనే రాడ్ దించుతారు. దాని గుండా ఒక స్క్రూను తుంటి బంతిలోకి ఎక్కిస్తారు. ఒంటి బరువును ఎముక లోపల ఉన్న నెయిలే చాలావరకు మోస్తుంది కాబట్టి ఎంతోమందిని మర్నాడే వాకర్‌తో నిలబెడుతున్నారు. ఇంత మంచి వైద్యం చేతిలో ఉండి కూడా, అది అందేలోపే రోగికి బెడ్‌సోర్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు రానిస్తే ఏం లాభం? "ఈ వయసులో ఆపరేషనా?" అని వెనకాడే కుటుంబాలకు డాక్టర్లు ఈ మాట మొదటి రోజే విడమరిచి చెప్పాలి.

బ్రిటన్‌లో తుంటి ఫ్రాక్చర్ల జాతీయ రిజిస్టర్ 2007లోనే మొదలైంది. 36 గంటల్లోపు ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్య నిపుణుడికి కూడా చూపించిన ఆసుపత్రులకు 2010 నుంచి అదనంగా డబ్బు ఇవ్వసాగారు. మన దేశం కూడా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన 2020లో వెలువడింది. మరీ హడావిడిగా ఆరు గంటల్లో చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదు గానీ, మతి తప్పి మాట్లాడటం తగ్గిందని, రోగులు త్వరగా లేచి నిలబడ్డారని అందులో తేలింది. మా ఇంటి రాత్రులు తలుచుకుంటే అది నాకు చిన్న విషయంగా అనిపించదు.

గిండీలో వృద్ధుల కోసమే జాతీయ కేంద్రం 2024లో మొదలైంది. అక్కడి నిపుణుల సలహాతో నగరంలోని ఆసుపత్రులన్నిటికీ ఒకే పద్ధతి పెట్టవచ్చు. రోగి చేరిన గంట, థియేటర్‌లోకి వెళ్లిన గంట రాసి, ఆ లెక్క ఏటా బయటపెట్టాలి. ఆదివారమైనా ఎకో తీసే మనిషి ఉండాలి. అప్రూవల్ కాగితం రాలేదని థియేటర్ తలుపు మూయకూడదు.

ఇంకొకటి. ఒక తుంటి విరిగినవారికి రెండోదీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ లాంటి మందులున్నాయి. మా అత్తయ్య డిశ్చార్జ్ కాగితంలో నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ తప్ప వాటి ఊసే లేదు. ఇంటికి పంపేముందు ఎముకల బలం చూసే పరీక్ష, ఆ మందు తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై