ఇర్వింగ్ ఇంటి సంగతి: అమ్మాయికి ఉత్తరం

చిన్నీ,

డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ ఊళ్లో, దక్షిణం వైపు చూసిన ఇల్లు నచ్చిందనీ, ధర కూడా మీకు అందేలా ఉందనీ, కానీ "ఆ ఏరియా మారిపోతోంది, అంతా మెక్సికన్లే" అంటూ స్నేహితులు వెనక్కి లాగుతున్నారనీ రాశావు. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుని (రియల్టర్‌ని) అడిగితే నవ్వి మాట మార్చాడన్నావు. అతని తప్పేం లేదు. ఫలానా వీధిలో ఎవరుంటారో చెప్పి కొనేవాళ్లను అటో ఇటో నెట్టడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు. లైసెన్సు మీదికి వస్తుంది. కాబట్టి ఆ లెక్క మీరే చూసుకోవాలి.

ముందు ఆ "మారిపోతోంది" సంగతి. ఇర్వింగ్‌లో హిస్పానిక్ జనాభా, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, 2000లో నూటికి 31, 2010లో 41. 2020లోనూ నలభై దగ్గరే ఉంది. అంటే ఆ మార్పు చాలావరకు 2010కే జరిగిపోయింది. ఆ తర్వాత పదేళ్లలో వాటా గట్టిగా పెరిగింది ఆసియా వాళ్లది. 2010లో నూటికి 14 ఉన్నవాళ్లు 2020కి 20 దాటారు. వాళ్లలో మనవాళ్లెంతమందో ఊరి ఉత్తరాన వ్యాలీ రాంచ్ పేటలో ఓ సాయంత్రం నడిస్తే చెవులే చెబుతాయి. ఈమధ్య ఊరిని మార్చింది మనం, పేరు మాత్రం వాళ్లకి!

హిస్పానిక్‌లు ఊరి దక్షిణానికే ఎందుకొచ్చారంటే, ఇళ్ల వయసు చూడు. ఊరి దక్షిణాన ఎక్కువగా 1950, 60లలో కట్టిన చిన్న ఒంటి అంతస్తు ఇళ్లు. మొదట కొన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు ఇంకా దూరాన కొత్త ఊళ్లలో పెద్ద ఇళ్లు కొనుక్కున్నారు. 1974లో డల్లాస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం తెరుచుకుంది. గిడ్డంగులు, హోటళ్లు, నిర్మాణ పనులు దాని చుట్టూ పెరిగాయి. 1986 వలస చట్టం దేశం మొత్తం మీద సుమారు 27 లక్షల మందికి కాగితాలిచ్చింది, అంటే చట్టబద్ధంగా ఉండే హక్కు. కాగితాలుంటే స్థిరమైన ఉద్యోగం, ఉద్యోగముంటే లోను, లోనుంటే సొంత ఇల్లు. ఇక ఎవరూ పెద్దగా చెప్పుకోని కారణం ఒకటుంది. 1970లలో కట్టిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి "పెద్దలకు మాత్రమే" అనే నియమం ఉండేది. ఫెయిర్ హౌసింగ్ చట్టానికి 1988లో చేసిన సవరణ, పిల్లలున్నారని ఇల్లు ఇవ్వకపోవడాన్ని నిషేధించింది. అప్పటికి టెక్సస్ ఆస్తుల మార్కెట్ కుప్పకూలి అద్దెలు పడిపోయి ఉన్నాయి. ఒంటరి ఉద్యోగుల కోసం కట్టిన ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్లలోకి కుటుంబాలు వచ్చాయి. ఆ కాంప్లెక్సుల చుట్టుపక్కల స్కూళ్లు కిటకిటలాడటం వెనక ఇదీ ఉంది.

ఇప్పుడు లెక్క చూసే పద్ధతి. ఊరి సగటు చూడొద్దు, ఆ ఇల్లున్న ట్రాక్ట్ చూడు. సెన్సస్ వాళ్లు 1,200 నుంచి 8,000 మంది వరకు ఒక ట్రాక్ట్‌గా గీస్తారు, సుమారు 4,000 వాళ్ల లక్ష్యం. సెన్సస్ బ్యూరో డేటా సైటులో ఇంటి అడ్రసు కొట్టి ట్రాక్ట్ నంబరు పట్టుకో, తర్వాత బీ03002 అనే పట్టిక తెరువు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. సెన్సస్ ఫారంలో హిస్పానిక్ మూలం ఒక ప్రశ్న, జాతి వేరే ప్రశ్న. ఒకే మనిషి హిస్పానిక్ కావచ్చు, తెల్లజాతి కూడా కావచ్చు. ఉత్త "తెల్లవారు" అన్న గడి తీసుకుంటే ఇద్దరూ కలిసిపోతారు. "హిస్పానిక్ కాని తెల్లవారు" అన్న వరసే చూడాలి. అలాగే 2010కీ 2020కీ మధ్య ప్రశ్నల అమరిక, జవాబులను నమోదు చేసే తీరు మారాయి. దాంతో ఒక్క తెల్లజాతి గడిలోనే పడిన హిస్పానిక్‌లు 2 కోట్ల 67 లక్షల నుంచి 1 కోటి 26 లక్షలకు దిగారు. అంతమంది ఎక్కడికీ పోలేదు, గడి మారారంతే. 2024లో రెండు ప్రశ్నలనూ కలపాలని నిర్ణయించారు కాబట్టి ఇకముందు లెక్కల్లోనూ ఇలాంటి గెంతు కనిపించొచ్చు, కంగారుపడకు.

ఈ పట్టిక శాంపిల్ సర్వే నుంచి వస్తుంది, ట్రాక్టులకు ఐదేళ్ల జవాబులు కలిపి ఒక విడతగా ఇస్తారు. శాంపిల్ కాబట్టే ప్రతి అంకె పక్కన ప్లస్-మైనస్, అంటే అటూ ఇటూ పొరపాటుకు వదిలిన అంతరం, ఉంటుంది. మాటవరసకి ఒక ట్రాక్ట్‌లో హిస్పానిక్ జనం మొదటి విడతలో 1,850, ప్లస్-మైనస్ 390. రెండో విడతలో 2,140, ప్లస్-మైనస్ 420 అనుకో. తేడా 290. ఆ రెండు ప్లస్-మైనస్‌ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 573 దాకా వస్తుంది. తేడా దానికంటే తక్కువ, అంటే అక్కడ పెరుగుదల ఉందో లేదో చెప్పలేం. కానీ వాట్సాప్‌లో మాత్రం "పదహారు శాతం పెరిగారు" అని తిరుగుతుంది. పోల్చేటప్పుడు సంవత్సరాలు ఒకదాని మీద ఒకటి పడని విడతలే తీసుకో: 2014–18, 2019–23 అలా. ఈ రెండింటి మధ్య ట్రాక్ట్ సరిహద్దులు కూడా 2020 లెక్కకు తగ్గట్టు మారాయి. పాత నంబరు కనిపించకపోతే అది ముక్కలై ఉండొచ్చు, అలాగైతే ముక్కలు కలిపి చూడు. ఇంకోటి, 2020 లెక్కలో హిస్పానిక్‌లను దేశవ్యాప్తంగా నూటికి దాదాపు 5 మందిని తక్కువగా లెక్కపెట్టారని బ్యూరోనే తర్వాత ఒప్పుకుంది.

మార్పు అన్నిచోట్లా ఒకేసారి కనిపించదు. మొదట కిండర్‌గార్టెన్‌లో కనిపిస్తుంది, చివరికి ఎప్పుడో సిటీ కౌన్సిల్లో. హిస్పానిక్‌ల మధ్యస్థ వయసు 30 దగ్గర, హిస్పానిక్ కాని తెల్లవారిది 40 దాటి. పిల్లలు ఓటేయరు, పౌరసత్వం లేని పెద్దవాళ్లూ వేయరు. ఇర్వింగ్ సిటీ కౌన్సిల్ ఎన్నికల కేసు నడిచిందే దీని మీద. ఊరంతా కలిసి ప్రతి సభ్యుణ్నీ ఎన్నుకునే పద్ధతిలో హిస్పానిక్‌లు బలపరిచిన అభ్యర్థులు గెలవలేకపోతున్నారని బెనవీడెజ్ అనే స్థానికుడు కోర్టుకెళ్లాడు. 18 దాటిన పౌరుల్లో హిస్పానిక్‌లు సగానికి మించిన ఒక్క డిస్ట్రిక్ట్ (మన వార్డు లాంటిది) అయినా గీయొచ్చని చూపించాల్సి వచ్చింది. 2009లో ఫెడరల్ జడ్జి ఊరి పద్ధతి ఓటుహక్కుల చట్టానికి విరుద్ధమన్నాడు. ఆ తర్వాత ఆరుగురిని డిస్ట్రిక్టుల నుంచి, ఇద్దరిని, మేయర్‌నీ ఊరంతటి నుంచి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. పక్కనే ఉన్న ఫార్మర్స్ బ్రాంచ్ అనే ఊరు దీనికి అడ్డంగా నడిచింది. కాగితాలు లేనివాళ్లకు అద్దెకివ్వకూడదని 2007లో ఓటు పెట్టి నెగ్గించుకుంది, కోర్టుల్లో మాత్రం ఓడింది. 2014లో సుప్రీంకోర్టు కేసు తీసుకోననడంతో ఆ కథ ముగిసింది.

స్కూలు విషయం జాగ్రత్త. ఊరి హద్దు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు ఒకటి కావు. వ్యాలీ రాంచ్ ఇర్వింగ్ ఊరే, కానీ పిల్లలు వెళ్లేది కొప్పెల్ లేదా క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్టులకు. మీరు చూసిన ఇల్లు ఇర్వింగ్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ) కిందికి వస్తుంది. రేటింగ్ సైటు ఇచ్చే పది మార్కులు ఎక్కువగా తల్లిదండ్రుల ఆదాయాన్నే చూపిస్తాయి. దాని బదులు రాష్ట్ర విద్యాశాఖ స్కూలువారీగా ఇచ్చే వార్షిక నివేదిక తెరిచి రెండు చూడు: ఒకటి, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్న ప్రోగ్రెస్ స్కోరు. రెండు, మొబిలిటీ రేటు, అంటే ఏడాది మధ్యలో ఎంతమంది వచ్చి పోతున్నారన్నది. రెండోది ఎక్కువుంటే టీచరుకి కష్టం, కానీ అది అద్దెల సమస్య, ఏ భాషవాళ్లదీ కాదు.

బుజ్జిగాడిని చేర్చేటప్పుడు ఇంటి భాష ఏమిటని ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లలో కొందరు భయపడి ఇంగ్లీష్ అని రాసేస్తారు. తెలుగు అనే రాయి. నాలుగు వారాల్లోపు ఇంగ్లీష్ పరీక్ష పెడతారు, నీ అనుమతి లేకుండా ప్రత్యేక తరగతిలో వేయరు. ఒకే తరగతి స్థాయిలో ఒక భాషవాళ్లు డిస్ట్రిక్ట్ మొత్తంలో 20 మంది ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లుంటే బైలింగ్వల్ (రెండు భాషల్లో) చదువు పెట్టాలని టెక్సస్ చట్టం. స్పానిష్‌కి ఆ బలముంది కనుక, రెండు భాషల పిల్లలనూ కలిపి చదివించే టూ-వే క్లాసులు ఎక్కడున్నాయో కనుక్కో. చాలాచోట్ల కిండర్‌లోనో ఒకటో తరగతిలోనో తప్ప తర్వాత స్పానిష్ రాని పిల్లల్ని చేర్చుకోరు. తేదీ దాటనివ్వకు. మూడో భాష పిల్లాడి నెత్తిన బరువని అల్లుడుగారు అంటారేమో, నా మాటగా వద్దని చెప్పు.

వీలైతే శనివారం పొద్దున అటువైపు మెక్సికన్ సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి. రొట్టెల వైపు పెద్ద పళ్లెం, పట్టకారు పెట్టి ఉంటాయి. కావలసినవి పళ్లెంలో మీరే ఏరుకుని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాలి. చింతకాయలు, బెల్లం లాంటి పిలోన్సియో అచ్చులు దొరుకుతాయి. హమైకా అని రాసిన సంచీలో ముదురెర్రటి ఎండు రేకలు ఉంటాయి చూడు, చేత్తో పట్టుకుంటే గరగరలాడతాయి, నాలిక మీద వేస్తే పుల్లగా జివ్వుమంటుంది. మన ఎర్ర గోంగూర మొక్కదే అది. మనం ఆకు తింటాం, వాళ్లు కాయను కప్పి ఉండే రేకలు ఎండబెట్టి, మరిగించి, చక్కెర వేసి చల్లగా తాగుతారు.

ట్రాక్ట్ నంబరు, ఆ అడ్రసుకి పడే ఎలిమెంటరీ స్కూలు పేరు పంపు, పట్టికలు నేనూ చూస్తాను. అన్నిటికంటే ముందు డ్రైనేజీ పైపులో కెమెరా పెట్టించు. ఆ కాలపు ఇళ్లలో స్లాబు కింద, అంటే ఇంటికి పునాదిగా నేల మీద పోసిన కాంక్రీటు కింద, పోత ఇనుప గొట్టాలుంటాయి, తుప్పుపట్టి అడుగు కోసుకుపోతుంది. నల్లమట్టి నేల ఎండకు కుంచించి, వానకు ఉబ్బి స్లాబును కదుపుతుంది. తలుపులు సరిగ్గా పడుతున్నాయా, తలుపు పైమూలల నుంచి గోడ మీద ఏటవాలు పగుళ్లున్నాయా చూసుకో. ఆఫర్ రాసేది ఆ రిపోర్టు వచ్చాకే.

అమ్మ