పన్ను సరే, నామినీ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడు జీతంలో మిగిలిన డబ్బుతో నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా బిట్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ కొన్నాడు. వాటిని కొనిపెట్టి, అమ్మిపెట్టే కంపెనీలో, అంటే ఎక్స్ఛేంజీలో ఉంచడం మంచిది కాదని, పెన్‌డ్రైవ్‌లా ఉండే హార్డ్‌వేర్ వాలెట్‌లోకి మార్చుకున్నాడు. ఆ వాలెట్ పాడైనా, పిన్ మర్చిపోయినా మళ్లీ తెరవడానికి 24 ఇంగ్లిష్ పదాలు ఇస్తారు. వాటిని రూళ్ల కాగితం మీద నంబర్లు వేసి రాసుకుని బీరువాలో దాచాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నిరుడు గుండెపోటుతో పోయాడు. మరదలు బీరువా సర్దుతూ ఆ కాగితాన్ని పిల్లాడి డిక్టేషన్ అనుకుని పాత పేపర్లతో పాటు వేసేసింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఆ వాలెట్ అడ్రస్ కొడితే వాడి బిట్‌కాయిన్ అక్కడే కనిపిస్తుంది. తీసే దారి మాత్రం లేదు.

పోనీ ఎక్స్ఛేంజీలోనే ఉంచుకోమందామా? 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి హ్యాకర్లు దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో కాజేశారు. అందులో దాచుకున్నవాళ్లు తమ కాయిన్లు బయటకు తీసుకోలేక ఏడాదికి పైగా టెన్షన్ పడ్డారు. బ్యాంకు మునిగితే 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. క్రిప్టోకి అదీ లేదు.

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, ఆ జులై నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ వసూలు చేస్తున్నారు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. ఇంత పక్కాగా పన్ను లెక్క రాసుకున్న కేంద్రం, ఖాతాదారుల కాయిన్లను కంపెనీ సొంత ఆస్తితో కలపకూడదని, ప్రతి ఖాతాకూ నామినీ ఉండాలని, హ్యాకింగ్ నష్టానికి బీమా ఉండాలని స్పష్టమైన చట్టం ఎందుకు తేదు? పోస్టాఫీసులో ఆర్‌డీ తెరిచినా నామినీ ఎవరని అడుగుతారు కదా!

సొంత వాలెట్‌కి ఏ చట్టమూ కాపలా కాయలేదు, అది మన పనే. ఆ పదాలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోకండి. కాగితం మీద రాసి రెండు వేర్వేరు చోట్ల దాచండి. బ్యాంకు లాకర్ ఉంటే ఒకటి అందులో పెట్టండి. కస్టమర్ కేర్ అంటూ ఎవరు ఫోన్ చేసి అడిగినా ఒక్క పదం కూడా చెప్పొద్దు. ఆ కాగితం దేనికో, ఎక్కడుందో ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా తెలియాలి. మా మరదలికి ఆ ఒక్క మాట తెలిసుంటే ఇద్దరు పిల్లల చదువులకు ఆ డబ్బు అక్కరకొచ్చేది.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం