గేటు ఎదురు కొట్టు నుంచి ఒక ఉత్తరం

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. నేను పేపర్లకి రాసే మనిషిని కాదు, తప్పులుంటే సర్దుకోండి. బడి పిల్లల తిండికీ, ముఖ్యంగా ఆటలకీ సర్కారు ఇచ్చే డబ్బు గురించి ఈ ఉత్తరం. నెల్లూరు జిల్లాలో వింజమూరు దగ్గర ఒక పల్లెలో చిల్లర కొట్టు పెట్టుకోనుండా, మా ఊరి ప్రైమరీ స్కూలు గేటుకి ఎదురుగానే, అడుగులేస్తే ముప్పై కూడా రావు. బడి పిల్లలకి మంచి తిండి, ఆటలు అని వార్త వచ్చినప్పుడల్లా నాకు లోపల ఒక మాదిరిగా ఉంటది, ఎందుకంటే ఆ పిల్లల చేతుల్లో ఉండే రంగురంగుల చిప్సు ప్యాకెట్లు అమ్మేది నేనే. ఉప్పు, నూనె, చక్కెర మితిమీరి ఉండే తిండి బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల పిల్లలకి అమ్మకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2020లోనే రూలు తెచ్చారంట, మా టీచరు ఫోన్లో చూపిస్తే తెలిసింది. ఇన్నేళ్ళలో ఆ రూలు పట్టుకోని నా కొట్టు దగ్గరికి ఒక్కరూ రాలా.

మొన్న బడిలో పిల్లలకి రక్తం చూస్తే మా పాపకి తొమ్మిది పాయింట్లే ఉందన్నారు. ఐదో క్లాసు చదవతా ఉంది. కొట్టు మాదే గదా, బడి వదలతానే సంచి అట్ట పడేసి ఒక ప్యాకెట్ చించుకోని కూర్చుంటది, రాత్రికి అన్నం వద్దంటది. నర్సమ్మ నన్ను ఏం తిట్టలేదు, కొట్టు వైపు ఒకసారి చూసి మాత్ర ఇచ్చి పోయింది. తిట్టినా బాగుండేది.

ఇక బడి భోజనం సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు మంట. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగిజావ, 2025 జూన్ నుంచి సన్నబియ్యం కూడా ఇస్తా ఉండారు, మా చిన్నప్పుడు ఇవేం యాడుండాయి. కానీ కూరలకిచ్చే డబ్బు లెక్క చూడండి. 2025 మే నుంచి కేంద్రం లెక్కలో ఒకటి నుంచి ఐదు దాకా ఒక బిడ్డకి రోజుకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 10 రూపాయల 17 పైసలు, బియ్యం కాకుండా. అందులోనే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూ కారం, గ్యాసు అన్నీ. నా కొట్లో వేలాడే ప్యాకెట్లు కూడా ఐదు రూపాయలది ఒకటి, పది రూపాయలది ఒకటి. అంటే ఒక బిడ్డ మధ్యాహ్నం కూరా పప్పుకి సర్కారు పెట్టేదీ, సాయంత్రం ఆ బిడ్డ నా గల్లాపెట్టెలో వేసేదీ ఇంచుమించు ఒకటే.

బడి వంటామె ఖాతా కూడా నా దగ్గరే. కందిపప్పు, నూనె అప్పుకి తీసకపోతది, సర్కారు నుంచి బిల్లు డబ్బు వచ్చినాక కడతది, బిల్లు ఎప్పుడొస్తదో ఆమెకీ తెలీదు నాకూ తెలీదు. ఆమె జీతం నెలకి 3000. టమాటా కిలో ఇరవై ఉన్నా కూరలకి సర్కారిచ్చేది అదే రేటు, ఎనభై ఉన్నా అదే రేటు, ఎనభై ఉన్న రోజు చారు పలచన కాక ఏమైతది చెప్పండి, ఆమెని దొంగని చేస్తే ఎట్ట.

ఇంకొకటి, మనది నిమ్మకాయల జిల్లా. గూడూరు, పొదలకూరు నుంచి లారీలకి లారీలు ఢిల్లీ దాకా పోతాయి. ఆకుకూర, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే పుల్లటిది ఏదైనా తోడుండాలని నర్సమ్మే చెప్పింది. ధర పడిపోయినప్పుడు కోతకూలి కూడా రావట్లేదని కాయల్ని చెట్టు కిందే వదిలేసే రైతుల్ని చూశా. ఆ రోజుల్లో బిడ్డకి అర చెక్క నిమ్మకాయ పళ్ళెంలో పిండటానికి ఎన్ని పైసలైతది? మెనూలో ఆ ఒక్క మాట రాసి, దానికి డబ్బు విడిగా ఇస్తే చాలు. ఎండాకాలం రేటు చుక్కలంటినప్పుడు బడికి సెలవులే గదా.

సరే, అసలు నేను రాయాలనుకున్నది ఆటల డబ్బు గురించి. ఎక్కడికో పోయా.

కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకి డబ్బిచ్చే సమగ్ర శిక్షా పథకం కింద ఆటసామాన్లకి ప్రైమరీ స్కూలుకి ఏడాదికి 5000, అప్పర్ ప్రైమరీకి 10000, హైస్కూలుకి 25000 దాకా ఇస్తారు. పిల్లకింత అని కాదు, బడికింత అని. మా బడిలో నలభై మంది. తలకి ఏడాదికి 125 రూపాయలు. ఆ నలభై మంది రోజుకి తలా ఐదు రూపాయలు నా కొట్లో పెడితే ఇరవై ఐదు రోజుల్లో ఐదు వేలు. ఏడాది ఆటకి సర్కారు ఇచ్చేదాన్ని నేను నెల తిరక్కుండా చిప్సుల్లో లాగేస్తా ఉండా. నూట ఇరవై మంది ఉన్న ప్రైమరీకి కూడా అదే ఐదు వేలంటే తలకి నలభై రూపాయలు చిల్లర, ఒక స్కిప్పింగ్ తాడు కూడా రాదు.

ఆ డబ్బుతో మా బడికి వచ్చినవి రెండు ప్లాస్టిక్ బ్యాట్లు, నాలుగు రింగులు, తాళ్ళు, ఒక క్యారమ్ బోర్డు. బోర్డు బీరువా మీద ఉంది, ఇంకా కవరు తీయలా. టీచర్లని అనేదానికి లేదు, ఇద్దరే, ఐదు క్లాసులు, పైగా యాప్‌లో ఫోటోలు పెట్టటానికే సగం పొద్దు పోతది. విద్యా హక్కు చట్టంలో ఆటల సారు అనే మాట ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలు వంద దాటిన చోటే ఉంది, అది కూడా పార్ట్ టైమ్. ప్రైమరీ పిల్లలకి ఆ మాటే లేదు. ఐదేళ్ళు దాటిన పిల్లలు రోజుకి గంటసేపు ఒళ్ళు కదిలేట్టు ఆడాలని డాక్టర్లు అంటా ఉంటే, ఆడించే మనిషి మాత్రం హైస్కూలుకి పోయినాక కనపడతాడు. అప్పటికి ఫోను అలవాటైపోయి ఉంటది.

మేము బిళ్ళంగోడు, చెడుగుడు ఆడినప్పుడు ఎవరూ గ్రాంటు ఇవ్వలేదు అంటారు మా నాయన. నిజమే, కానీ అప్పుడు బీడు ఉండేది, ఇప్పుడు అందులో సగం ప్లాట్లు, రాళ్ళు పాతి ఉండాయి. నెల్లూరు టౌన్లో ఇంగ్లీషు మీడియం బడుల సంగతి ఇంకా అధ్వాన్నం, మూడంతస్తుల బిల్డింగు, కింద బస్సులు, గేమ్స్ పీరియడ్ లెక్కల సారుకే. ఫీజు కట్టే తల్లిదండ్రులు అడగాలి గదా, అడగరు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆటల గ్రాంటు బడికింత అని కాకుండా పిల్లకింత అని ఇవ్వండి, చిన్న బడికి ఐదు వేలు తగ్గకుండా. ఐదారు ప్రైమరీలకి కలిపి ఒక ఆటల సారుని వేయండి, వారానికి ఒక రోజు ఒక్కో ఊరికి వస్తాడు, పెట్రోలు ఖర్చు కూడా ఇవ్వండి, లేకపోతే రాడు. బడి ఆవరణలో మునగ, కరివేపాకు, తోటకూర పెంచమంటా ఉండారు, మంచిదే, మా బడిలో కూడా వేశారు, ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక సగం పోయింది, మిగతా సగం మేకలు తిన్నాయి. మొక్కలకి డబ్బులిస్తే చాలదు, ఆ రెండు నెలలు నీళ్ళు పోసే మనిషికి కూలీ, చుట్టూ కంచె కూడా లెక్కలో రాయాలి.

నా కొట్టు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే దొంగ ఉత్తరం అయితది. పాప రక్తం సంగతి తెలిసినాక ప్యాకెట్ల దండలు లోపలికి తీసి, ముందర అరటిపండ్లు, ఉడకేసిన వేరుశెనక్కాయలు పెట్టా. శెనక్కాయలు పోతా ఉండాయి. అరటిపండ్లు మూడో రోజుకి నల్లబడి, వారంలో నూట ఎనభై రూపాయలు నష్టం. ప్యాకెట్ డేటు అయిపోతే కంపెనీ ఆటో వాడు వెనక్కి తీసుకోని కొత్తది ఇస్తాడు, అరటిపండు ఎవరు తీసుకుంటారండి? రూలు పట్టుకోని ఎవరన్నా వస్తే ఫైను రాయకముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పమంటా. బడికి పండ్లు కొనే డబ్బు అంటూ పెడితే, మిగిలినయ్యి సాయంత్రానికి బడే కొనుక్కోవచ్చు గదా, నేను కొన్న రేటుకే ఇస్తా.

మార్చిలోపల బడ్జెట్ లెక్కలు కడతారు గదా, ఆ లోపల ఈ ఉత్తరం వేయండి. మా ఎమ్మెల్యే గారు మీ పేపర్ చూస్తారు.

ఇట్లు,
ఒక చిల్లర కొట్టు యజమాని,
వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా