సంపత్‌కు: నీ మొదటి క్లెయిమ్ ఎట్ల పోతదంటే

హనుమకొండ,
ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఒరేయ్ సంపతూ,

ముందుగాల తిట్టకు. నీ కవరు వచ్చి మూడు వారాలైంది, జవాబు ఇయ్యాల రాస్తున్న. ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు. నాయిన మోకాలు జర నయం, పొద్దుగాల వడ్డేపల్లి కట్ట మీద నడుస్తుండు. చిన్నోని పరీక్షలు అయిపోయినయ్. ఎండ సంగతి చెప్పేదేముంది, మీ కరీంనగర్‌ల కూడా ఇదే పొయ్యి. వార్తలు సమాప్తం. ఇగ అసలు ముచ్చట.

నీ హెడ్‌లైట్ పేటెంట్ దరఖాస్తుల మొదటి క్లెయిమ్, అంటే 'ఇది నాది' అని హక్కు అడిగే వాక్యం, పోతది రా. వాదం పెట్టుకోని, హియరింగ్ దాకా పోయి ఓడుడు కాదు, రెండు లైన్ల లెక్కతోనే పోతది.

నువ్వు రాసింది మళ్ల చదువు. అక్రిలిక్ లెన్సు, ఒక దిక్కు చదును, ఒక దిక్కు ఉబ్బు. ఫోకల్ దూరాన్ని లెన్సు వ్యాసంతోని భాగిస్తే 0.55 నుంచి 0.80, షేడ్ (వెలుగుకు అడ్డం పెట్టే పలక) అంచు ఫోకస్‌కు వెనుక, ఎల్‌ఈడీ దిక్కు, 0.2 నుంచి 1.0 మి.మీ. ఈ నిష్పత్తి ఎవ్వరూ రాయలేదు, మొత్తం వెతికిన అని కవర్ల గొప్పలు పోయినవ్. నువ్వు వెతికింది మాటను. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ వెతికేది లెన్సును.

ఉదాహరణకు పాత పేటెంట్ ఒకటి ఉన్నదనుకో. అండ్ల నిష్పత్తి అనే ముచ్చటే లేదు. చివర ఒక చిన్న పట్టిక: ఉబ్బు దిక్కు వక్రతా వ్యాసార్ధం 24.5, నడిమి మందం 25, వ్యాసం 70, అన్నీ మి.మీ.లే. వక్రీభవన గుణకం 1.49. షేడ్ చదును ముఖానికి 33.6 మి.మీ. దూరంల ఉన్నది. అంతే. ఇప్పుడు కాయిదం తీయి. ఒక దిక్కు చదును ఉన్న లెన్సుకు ఫోకల్ దూరం అంటే వ్యాసార్ధాన్ని 0.49తోని (గుణకంలకెల్లి 1 తీస్తే మిగిలేది) భాగించుడే: 24.5ను 0.49తోని భాగిస్తే సరిగ్గ 50. యాభైని డెబ్బైతోని భాగిస్తే 0.714. నీ హద్దుల నట్టనడుమ! చదును ముఖం నుంచి ఫోకస్ ఎంత దూరం? 50లకెల్లి మందాన్ని గుణకంతోని భాగించి తీసెయ్యాలె: 25ను 1.49తోని భాగిస్తే 16.8, మిగిలింది 33.2. వాళ్ల షేడ్ 33.6 కాడ ఉన్నది. అంటే ఫోకస్‌కు 0.4 మి.మీ. వెనుక. అది కూడా నీ హద్దుల్లనే. ఖతం. నువ్వు రాసిన ముక్కలన్నీ ఒకే కాయిదంల దొరికినయ్, కొత్తదనం లేదు. నీ మాట ఒక్కటి కూడా అండ్ల లేకున్నా సరే.

'మాది ఆస్ఫెరికల్ (పూర్తి గోళం కాని వంపు) కదా' అని మొదలుపెట్టకు, నీ మొఖం నాకు కనబడుతనే ఉన్నది. ఆ వంపును చెప్పే కోనిక్ స్థిరాంకం, పై ఘాతాల గుణకాలు లెన్సు అంచుల పనిని మారుస్తయ్. నడిమి కిరణాల ఫోకల్ దూరాన్ని శిఖరం కాడి వ్యాసార్ధమే తేలుస్తది. నీ క్లెయిమ్ల ఉన్నది ఆ ఫోకల్ దూరమే.

ఇంకో మాట. విలువలు పట్టికల ఉంటే తప్పించుకునుడు లేదు గని, ఎగ్జామినర్ ఉత్త బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచిండనుకో, అప్పుడు గట్టిగ మాట్లాడొచ్చు. పేటెంట్ బొమ్మలు కొలతకు గీసినవి కావు. స్కేలుకు గీసినమని ఆ పత్రంల రాసి ఉంటేనే ఆ కొలతకు బలం.

సరే, 0.714 తగలకుంట 0.55 నుంచి 0.70 అని తగ్గించుకుందామంటవ్. తగ్గించు, కొత్తదనం వరకు బయటపడ్తవ్. వెంటనే రెండో ప్రశ్న వస్తది: 0.70 కాడ ఏమైతది? దాటితే ఏం చెడిపోతది? నీ దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ల కిరణాలు పంపుకుంట అంకెలు జరుపుడు హెడ్‌లైట్ డిజైనర్ రోజూ చేసే పనే, అండ్ల ఆవిష్కరణ ఏమున్నదంటడు. పాలికార్బొనేట్ తీసేసి అక్రిలిక్ పెట్టిన అన్నదీ అంతే. అక్రిలిక్ ఆబే సంఖ్య 57 దగ్గర, పాలికార్బొనేట్‌ది 30 దగ్గర, అంటే అక్రిలిక్ రంగులను తక్కువ చీలుస్తది. ఇది ఈ పనిల ఉన్న ఎవలకైనా ఎరుకే. కారణం లేని హద్దు అంటే మన కమాన్ కాడి పందెం లెక్క, గీత నువ్వే గీస్తివి, గెలిచిన అని నువ్వే అంటివి. (ఆ రెండు ప్లేట్ల ఇడ్లీ బాకీ ఇంకా ఉన్నది, మరిచిపోలేదు.)

ఇగ ఇది చదివి కోపమొచ్చింటది. ఆగు. నాకు నిద్ర పట్టనిది దీనికి కాదు.

నీ ఆరో పేరా! దాన్ని ఏమో పక్క ముచ్చట లెక్క రాసి వదిలేసినవ్. 'లెన్సు కింది మూడో వంతుల మాత్రమే అడ్డంగ సన్నని అలలు ఇస్తే కటాఫ్ మీది నీలం తగ్గుతది' అని ఒక్క వాక్యం. (కటాఫ్ అంటే వెలుగు ఆగి మీద చీకటి మొదలయ్యే గీత.) ఒరేయ్, సరుకంత ఆడనే ఉన్నది!

ఎందుకో చూడు. లెన్సు కింది సగం ప్రిజం లెక్క వెలుగును పైకి వంచుతది. నీలం ఎక్కువ వంగుతది కాబట్టి కటాఫ్ గీత మీదికి నీలమే ఎక్కుతది. పై సగం దీనికి ఉల్టా, కిందికి వంచుతది, నీలం కిందికి పోయి గీత మీద ఎరుపు, పసుపు మిగులుతయ్. రెండు సగాలు సమానంగ కలిస్తే గీత తెల్లగనే ఉంటది. షేడ్ జర ముందుకో వెనుకకో జరిగినా, రిఫ్లెక్టర్ నుంచి కింది సగానికి వెలుగు ఎక్కువ పోయినా లెక్క తప్పుతది. పరకాల రోడ్డు మీద గుంత తగిలినప్పుడల్లా ఎదురు బండి లైటు నీలంగ మెరుస్తది చూడు, అదే ఇది. లెన్సు మొత్తానికి అలలో గరుకో ఇచ్చి గీతను మెత్తగ చేసుడు పాతదే, అది నీది అనకు. కింది మూడో వంతు మాత్రమే అన్నది, నీలం పుట్టే తావునే పట్టుకున్నవ్ కాబట్టి, దానికి కారణం ఉన్నది. ఇంతకుముందు ఎవలన్న చేసిండ్రా లేదా అనేది వెతుకులాటనే చెప్పాలె.

కాని 'సన్నని అలలు' అంటే ఎంత సన్నం? స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) చదివినోడు తయారు చేయగలగాలె, పేటెంట్ చట్టం సెక్షన్ 10(4) అడిగేది అదే, నీకు తెలిసిన మంచి పద్ధతితో సహా. నేను లెక్క కట్టిన. అల ఎత్తు 4 మైక్రాన్లు, అల నుంచి అలకు 1 మి.మీ. అనుకో. ఎక్కువ వాలు ఉన్న కాడ వంపు 0.72 డిగ్రీలు. దాన్ని 0.49తోని గుణిస్తే కిరణం 0.35 డిగ్రీలు పక్కకు పోతది, మీదికి అంత, కిందికి అంత. పరీక్షల కటాఫ్ గీతను దీపం ఎత్తుకు 0.57 డిగ్రీల కిందికి దించి పెడ్తరు, అంటే 25 మీటర్ల గోడ మీద 25 సెం.మీ. మనం 0.35 కాడనే ఆగినం, దీపం ఎత్తు దాటలేదు, ఎదురు డ్రైవర్ కంట్ల పడలేదు. అదే ఎత్తు 8 మైక్రాన్లు చేస్తే 0.7 డిగ్రీలు, ఆ ఎత్తు దాటి కండ్ల దిక్కే. తిప్పి కడితే 1 మి.మీ. అలకు ఎత్తు 6.4 మైక్రాన్లు దాటొద్దు.

గిది రా హద్దు అంటే! దాటితే ఏమైతదో చెప్పగలిగే హద్దు. ఎత్తు ఒక్కటే రాయకు, అలల దూరం మార్చి పక్కోడు తప్పించుకుంటడు. ఎత్తును దూరంతోని భాగించిన నిష్పత్తి రాయి, పై హద్దు 0.0064. ఇది నీ మొదటి క్లెయిమ్ల రాసిన నిష్పత్తి లాంటిది కాదు, దీని వెనుక ఎదురు లారీ డ్రైవర్ ఉన్నడు.

దీనికి సాక్ష్యం కావాలె. మూడు లెన్సులు చేయించు: నున్నటిది, మొత్తం అలలది, కింది మూడో వంతు అలలది. మూడింటికీ అదే ఎల్‌ఈడీ, అదే షేడ్, అదే డూమ్ (దీపం గూడు). ఎల్‌ఈడీ వేడెక్కి నిలకడకు వచ్చినంకనే కొలువు, చల్లగున్నప్పుడు వెలుగు ఎక్కువ చూపిస్తది, మూడు కొలతలు మూడు తీర్ల వస్తయ్. 25 మీటర్ల కాడ 1 లక్స్ అంటే 625 క్యాండెలా. గీత పదును కూడా కొలువు: గీతకు అడ్డంగ కింది నుంచి మీదికి 0.1 డిగ్రీకి ఒకసారి కొలిచి, పక్కపక్క రెండు విలువల లాగరిథమ్‌ల తేడా తీసుకో. ఐరోపా రెగ్యులేషన్ 112ల క్లాస్ బి దీపానికి ఆ తేడాల్ల పెద్దది 0.13కు తగ్గొద్దు, 0.40 దాటొద్దు. మొత్తం అలల లెన్సు ఆ 0.13 కాడ ఇబ్బంది పడి, నీది పడకుంటే, దానికి మించిన రుజువు లేదు. పడ్డా పడకున్నా వచ్చిన అంకెలే రాయి.

ఆఁ, మూడో బొమ్మ! ఇది మరిచిపోతే నన్ను నేనే క్షమించుకోను. నీ షేడ్ కోత ఎడమ దిక్కు గీసినవ్. వెనుక నుంచి చూస్తున్న బొమ్మ అది. లెన్సు కిందిమీదలే కాదు, కుడిఎడమలను కూడా తిప్పేస్తది కదా. ఎడమ కోత నుంచి పోయిన వెలుగు రోడ్డు మీద కుడి దిక్కు లేస్తది. అంటే ఎదురొచ్చే బండి మీదికి. నీ వాక్యంల మాత్రం 'ఎడమ దిక్కు 15 డిగ్రీలు లేస్తది' అని సరిగ్గనే ఉన్నది. ఐరోపా బొమ్మ చూసి గీసినవ్, ఒప్పుకో! వాళ్లు కుడి దిక్కు నడుపుతరు. జపాన్ పత్రాలు చూడు, వాళ్లు మన లెక్కనే ఎడమ దిక్కు, బొమ్మలు సీదా మనకు సరిపోతయ్. ఎట్లయినా కోయిటో, స్టాన్లీ, ఇచికో కంపెనీలవి చూడకుంట ఈ పనిల వెతికినట్టే కాదు.

తప్పు బొమ్మ ప్రొవిజనల్‌ల (ముందు పెట్టిన తాత్కాలిక దరఖాస్తుల) పోయింది, పోనీ, వాక్యం సరిగ్గ ఉన్నది కాబట్టి ఆధారం ఉన్నది. కంప్లీట్‌ల (తర్వాత పెట్టే పూర్తి దరఖాస్తుల) మాత్రం సరిచేసి పెట్టు. ఒకసారి పెట్టినంక సెక్షన్ 59 కింద తప్పు దిద్దుడు, వివరించుడు, కొంత వదులుకునుడు, ఇంతవరకే. కొత్తది ఎక్కియ్యనియ్యరు.

తేదీల సంగతి కూడా ఆడనే ఉన్నది. 'కింది మూడో వంతు' అన్నది ప్రొవిజనల్‌ల ఉన్నది కాబట్టి దానికి ఆ పాత తేదీ దొరుకుతది. 0.0064 అన్నది ఇప్పుడు కొత్తగ వస్తున్నది, దానికి కంప్లీట్ తేదీనే. అందుకే మొదటి క్లెయిమ్ అంకె లేకుంట, రెండోది అంకెతోని. మొదటిది పోతే రెండో దాని మీద నిలబడొచ్చు. ఈ మధ్యల ఎవలికీ చూపకు రా, దండం పెడ్త. మీ బావ ట్రాక్టర్‌కు బిగించి ఊరంత తిప్పితే ఆ అంకె క్లెయిమ్ నీ చేతులతోనే నువ్వు చంపుకున్నట్టు. నిరుటి జాతరప్పుడు 'పెరుగన్నం సూత్రం' అందరికీ చెప్పి ఏం చేసుకున్నవో యాది తెచ్చుకో.

వెతుకులాటకు పేటెంట్ వర్గీకరణ గుర్తు ఎఫ్21ఎస్ 41/255 తోని మొదలుపెట్టు, అది గుండ్రటి లెన్సుల గూడు. షేడ్‌లకు 41/43. కటాఫ్ గీతకు ఎఫ్21డబ్ల్యూ 2102/135. ఈ 41 వరస 2018ల వచ్చింది, పాతవి 8/10, 8/12 కింద ఉండేటియి, పాత గుర్తు మీదనే ఆగినవి ఎన్నో ఉంటయ్, అవి కూడా చూడు.

సెక్షన్ 3(ఎఫ్) ఒకటి తప్పక పెడ్తరు: ఎరుకైన భాగాలను పక్కపక్కన పెట్టినవ్, ఎవరి పని వాళ్లదే అని. జవాబు నీ దగ్గరనే ఉన్నది, షేడ్ జరిగితే ఏ రంగు వస్తదో దాన్ని బట్టే అలలు యాడ ఉండాలనేది తేలుతది, రెండూ ఒకదానికొకటి ముడి. కాని అది స్పెసిఫికేషన్లనే ఉండాలె, జవాబుల కొత్తగ చెప్పితే నడవదు. 'కండ్లకు ఇబ్బంది లేకుండ' 'దాదాపు సమాంతరంగ' అన్న మాటలు క్లెయిమ్లకెల్లి తీసెయ్, ఎంత అని అడుగుతరు.

మిగతాది తొందరగ: ప్రొవిజనల్ నుంచి 12 నెలల్ల కంప్లీట్, నీకు మూడే మిగిలినయ్. పరీక్ష కోరే ఫారం 18 తొలి తేదీ నుంచి 31 నెలల్లోపు. ఎగ్జామినర్ మొదటి రిపోర్టు వస్తే జవాబుకు ఆరు నెలలు, గడువు పెంచుమనే ఫారం 4 ఆ గడువు దాటకముందే పెడితే ఇంకో మూడు. మనది చెన్నై ఆఫీసు కిందికి వస్తది. హియరింగ్ అయితే రాతపూర్వక జవాబు 15 రోజుల్లనే.

షేడ్ ప్లాస్టిక్ అని రాసినవ్ కదా, దాని మీద కూడా ఒక మాట. పగటిపూట బండి ఎండకు మొఖం చేసి నిలబెడితే అదే లెన్సు సూర్యున్ని తెచ్చి షేడ్ మీద చుక్క లెక్క పెడ్తది, భూతద్దంతోని కాయిదం కాల్చినట్టు. మన మే నెల ఎండల ప్లాస్టిక్ అంచు కరిగితే ఇగ కటాఫ్ యాడిది? రేకు పెట్టు, మందం రాయి. ఎంత మందం అంటే, అంచు మరీ మందంగ ఉంటే దాని పక్క గోడ నుంచి వెలుగు ఎగిరి గీత మీద

కరెంటు పోయింది. ఫోన్ లైటుకు రాస్తున్న, అది కూడా పది శాతమే ఉన్నది. పొద్దుగాల తమ్ముడు కరీంనగర్ బస్సు ఎక్కుతుండు, వాని చేతికే ఇస్త. రేకు సంగతి ఫోన్ల చెప్త. బొమ్మ మాత్రం రేపే దిద్దు.

నీ
శ్రీను